అద్దానికి ఇవతల మంచు

జనవరి 8

ఒరే బావమరిదీ,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నీ కార్డు వచ్చి వారమైంది. మొత్తం ఆరు లైన్లు. అందులో రెండు మీ అక్క ఆరోగ్యం, ఒకటి నీ మోకాలు, మిగిలిన మూడూ నేను నీకిచ్చిన కారు మీద ఫిర్యాదు. ఊరికే ఇచ్చిన కారుకి సంజాయిషీ కూడానా అనుకుని కార్డు తీసుకెళ్ళి కుట్టుమిషను సొరుగులో పడేశాను. మీ అక్క సూది కోసం ఆ సొరుగు లాగి కార్డు చదివింది. ఆ పూట నుంచి నా భోజనం పళ్ళెం బల్ల మీద కాస్త గట్టిగా చప్పుడు చేస్తూ దిగుతోంది. అందుకని రాస్తున్నాను.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు అరిస్తే నాకు వినపడదు, నేను అరిస్తే మీ అక్కకి నచ్చదు.

సంగతేమిటంటే, నాకు అర్థమైనంతవరకు, పొద్దున్నే కారెక్కేసరికి ముందద్దానికి లోపలివైపు మంచు పేరుకుని ఉంటోంది. బయటి మంచు గీకితే పోతోంది. లోపలిది గీకుతుంటే వెనకాలే మళ్ళీ వస్తోంది. నువ్వేమో ఎనిమిదింటికల్లా ఊరవతల కంటి క్లినిక్‌లో ఉండాలి. ఈ చలికాలం గడిచేలోపు మూడుసార్లు ఆలస్యమైతే ఆసుపత్రి వాళ్ళు నీ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకటి అప్పుడే అయిపోయింది. ఇక్కడి కళ్ళజోళ్ళ దుకాణం మూతపడ్డాక, యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఆ చలి ఊళ్ళో నీకు పని దొరకడమే గొప్ప. అది పోకూడదు. ఆ మాట వరకు నేనూ మీ అక్కా ఏకాభిప్రాయం. మా ఇంట్లో అలా జరగడం అరుదు కాబట్టి గమనించు.

నా చదువు సంగతి నీకు తెలుసు. ఐదో క్లాసులో బడి మానేసి కారు సీట్లు కుట్టే షెడ్డులో చేరాను. పాత సీటు విప్పితే స్ప్రింగుల కింద లోకం అంతా ఉంటుందిరా. దువ్వెనలు, గుండీలు, పాత పేపర్లు, ఎవరికో రాసి పోస్టు చెయ్యని ఉత్తరాలు. తక్కినవాళ్ళు దువ్వెనలు ఏరుకునేవాళ్ళు, నేను కాగితాలు ఏరుకునేవాణ్ణి. యాభై ఏళ్ళలో అలా చదివినదే నా చదువు. అన్నీ సగం సగం పేజీలు కావడంతో సగం సంగతులే తెలుసు, కానీ చాలా సంగతులు తెలుసు. గాలిలో తడి గురించి కూడా ఓ సగం పేజీ దొరికింది. గాలిలో ఉన్న తడి చల్లటి అద్దం తగలగానే దాన్ని పట్టుకుంటుంది. అద్దం మరీ చల్లగా ఉంటే ఆ తడే మంచవుతుంది. అంటే నీ కారులో ఎక్కడో తడి ఉంది. దాన్ని తీసెయ్యాలి.

ఒకటి: అద్దం లోపలివైపు శుభ్రంగా తుడువు. జిడ్డు ఉంటే తడి దాన్ని పట్టుకుని వేలాడుతుంది. రెండు: ఉతికిన సాక్సులో ఉప్పు పోసి మూతి కట్టి అద్దం దగ్గర పెట్టు. ఉప్పు తడి లాగుతుంది.

ఇంకో మాట. పోయినేడు నువ్వు నా కుట్టుని భూతద్దం పెట్టి చూసి "బావా, వంకర" అన్నావు, పదిమందిలో. ఇక నీ వస్తువు మీద సూది పెట్టనని ఆ రోజే ఒట్టేసుకున్నాను. కారు నీకిచ్చేటప్పుడు కూడా అందులో ఒక్క కుట్టు వెయ్యలేదు. అది గుర్తుంచుకో.

ఇట్లు,
వంకర చేతుల
బావ

తమ్ముడూ, కారులో కాళ్ళు వెచ్చగా ఉంటున్నాయా? తప్పకుండా రాయి. — అక్క


జనవరి 15

బావా,

నీ ఉత్తరం అందింది. నీ ఉప్పు కూడా అందింది, నా ప్యాంటు మీద.

చెప్పినట్టే రెండు సాక్సుల్లో ఉప్పు పోసి ముందద్దం కింద చెరోవైపు పెట్టాను. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు సాక్సులు బరువెక్కాయి. మూడో రోజు ఉప్పు కరిగి డ్యాష్‌బోర్డు మీద నుంచి బొట్లు బొట్లుగా కింద పెట్టిన కళ్ళజోళ్ళ ఫ్రేముల పెట్టెలోకి కారింది. ఇరవై రెండు ఫ్రేములు పంపు కింద పెట్టి కడిగాను. ఒక పెద్దాయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని పెదవి నాక్కుని "ఇదేంటయ్యా, ఉప్పగా ఉంది" అన్నాడు. ఏం చెప్పను? మందు రాశామండీ అన్నాను.

నా పొద్దు ఎలా గడుస్తోందో చెప్తాను విను. నా గది కింద లాండ్రీ. ఆయన ఐదున్నరకి మిషన్లు మొదలుపెడతాడు, నేల అదురుతుంది, నాకు అలారం అక్కర్లేదు. ఆరుంపావుకి కారు దగ్గరికి వెళ్ళి బయటి మంచు గీకుతాను. లోపల కూర్చుని అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో లోపలి మంచు తుడుస్తాను. అరచేతి పాటి చోటు శుభ్రం చేసి పక్కకి జరిగేసరికి మొదటి చోటు మూసుకుపోతుంది. ఇంజను వేసి వేడి పెడతాను. ఆ వేడి వృథా కాకుండా లోపలి గాలే లోపల తిరిగేలా మీట తిప్పి ఉంచుతున్నాను. ఆ మాత్రం తెలివి నాకూ ఉంది.

ఆరు ముప్పావుకి ఆసుపత్రి గేటు దగ్గర పెద్ద నర్సమ్మ ఎక్కుతుంది. ఆవిడ క్వార్టర్సు దారిలోనే. ఎక్కగానే గొడుగు విదిలించి కాళ్ళ దగ్గర పెట్టుకుంటుంది, ఫ్లాస్కు మూత తీసి టీ పోసుకుంటుంది, ఇక మాటలు మొదలు. వాళ్ళ ఆడపడుచు మొగుడి గురక దగ్గర్నుంచి ఆసుపత్రి మెట్ల రంగు దాకా. మంచి మనిషి. కానీ క్లినిక్‌కి నేను ఎన్నింటికి వచ్చానో రిజిస్టర్లో రాసేదీ ఆవిడే. పక్కనే కూర్చుని వచ్చినా సరే, దిగాక గోడ గడియారం చూసి ఉన్నది ఉన్నట్టు రాస్తుంది.

మంగళవారం వంతెన దగ్గర అద్దం పూర్తిగా మూసుకుపోయింది. ఆపి తుడుస్తుంటే ఆవిడ అంది:

"ఏమండీ కళ్ళజోళ్ళాయనా, మనం క్లినిక్‌కి వెళ్తున్నామా, మీ ఊహలోకి వెళ్తున్నామా?"

ఎనిమిదీ పదకొండు అని రాసింది. రెండోది అయిపోయింది బావా. ఇంకొక్కటే ఉంది.

నలభై ఏళ్ళు ఊరందరికీ చూపు బిగించాను. నా ముందున్న రోడ్డు నాకు కనపడటం లేదు. నువ్వు నవ్వుతున్నావని తెలుసు. నవ్వాక ఏదైనా ఉపాయం రాయి.

అక్కకి చెప్పు, గదిలో కాళ్ళు గడ్డకడుతున్నాయి గానీ కారులో మాత్రం వింతగా వెచ్చగా ఉండేవి. నీ కారులో నాకు నచ్చింది అదొక్కటే. ఈ మధ్య ఆ వెచ్చదనం కూడా తగ్గింది.

ఉప్పుతో,
బావమరిది


జనవరి 20

ఒరే బావమరిదీ,

నవ్వలేదు. మీ అక్క పక్కనే ఉంది, ఎలా నవ్వుతాను? పెరట్లోకి వెళ్ళాక సంగతి వేరు.

నీ ఉత్తరం మీ అక్క బయటికి చదివింది. నేను కుర్చీ సీటు బిగిస్తూ విన్నాను. ఉప్పు దగ్గర ఒకసారి, పెద్దాయన పెదవి దగ్గర ఒకసారి సుత్తి వేలి మీద పడింది. అయినా అసలు విషయం దొరికింది. నర్సమ్మ!

నువ్వు కళ్ళజోడు ఎలా తుడుస్తావు? ముందు దాని మీద హా అని ఊదుతావు. అద్దం మసకబారుతుంది. ఆ మసకే నీళ్ళు. మనిషి ఊపిరిలో అంత తడి ఉంటుంది. నీ కారులో ఇద్దరు కూర్చుని గంటకి పైగా హా హా అని ఊదుతున్నారు, అందులో ఒకరు టీ తాగుతూ ఆడపడుచు మొగుడి గురించి ఊదుతున్నారు. పైగా తడి గొడుగు. ఇంక అద్దం ఏం చేస్తుంది పాపం? నిన్న ఊదినదే రాత్రికి గడ్డకట్టి పొద్దున నీకు కనపడుతోంది.

కాబట్టి ఆవిడతో మర్యాదగా చెప్పు. గొడుగు వెనక డిక్కీలో. టీ దిగాక. మాటలు తగ్గించమను. మాట తగ్గితే ఊపిరి తగ్గుతుంది, ఊపిరి తగ్గితే తడి తగ్గుతుంది. చెప్పే విధానంలో చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. నేను మీ అక్కకి ముప్పై నాలుగేళ్ళుగా ఇలాగే చెబుతున్నాను. (ఈ వాక్యం మీ అక్క చదవదని ఆశిస్తున్నాను.)

ఇంకో ఉపాయం. గడ్డం గీసుకునే నురగ అద్దం లోపల పల్చగా రాసి పొడిగుడ్డతో తుడిచెయ్యి. ఒక పల్చటి పొర మిగులుతుంది, దాని మీద చెమ్మ కూర్చోదు. పూర్వం మా షెడ్డు పక్క మంగలి తన దుకాణం అద్దానికి అదే రాసేవాడు. ఆయన ఎంత మాటకారి అంటే, ఒకసారి పెళ్ళికొడుకుని కూర్చోబెట్టి ఒక చెంప గీసి కథ మొదలుపెట్టాడు. పెళ్ళివాళ్ళు వెతుక్కుంటూ వచ్చేసరికి ఇంకా కథ సగంలోనే ఉంది, గడ్డమూ సగంలోనే ఉంది. సరే, అదిప్పుడు ఎందుకు.

కారు నేల మీద రబ్బరు చాప ఉంది చూశావూ, దాన్ని ఎత్తాల్సిన పనేమీ లేదు. నేను చూసే ఇచ్చాను. అక్కడ ఏమీ లేదు. ఊరికే చెబుతున్నాను.

ఇట్లు,
శాస్త్రజ్ఞుడైన
బావ

తమ్ముడూ, ఆ వాక్యం చదివాను. నీ కాళ్ళ వెచ్చదనం తగ్గిందన్నావు, ఎందుకు తగ్గింది? ఈయన్ని అడిగితే కుర్చీ కింద దూరి మేకులు వెతుకుతున్నారు. — అక్క


జనవరి 25

బావగారికి నమస్కారాలు.

మీరు పెద్దవారు, నేను చిన్నవాణ్ణి. మీరు చెప్పినవి చెప్పినట్టు చేశాను. దాని ఫలితం మనవి చేసుకుంటున్నాను.

చెప్పే విధానం నాకు చేతకాదని మీ ఉత్తరమే జేబులో పెట్టుకెళ్ళాను. నర్సమ్మ ఎక్కి గొడుగు విదిలించగానే, మా బావగారు బాగా చదువుకున్నవారండీ, ఇలా రాశారు అని ఆ భాగం చదివి వినిపించాను. ఆవిడ తీసిన ఫ్లాస్కు మూత మళ్ళీ బిగించింది.

"అంటే నేను ఊపిరి తగ్గించుకోవాలా?"

"పూర్తిగా కాదండీ."

"ఎంత తగ్గించమన్నారు మీ బావగారు? సగమా? ముప్పాతికా?"

"మాటలు తగ్గిస్తే చాలన్నారండీ, ఊపిరి దానంతట అదే..."

"బండి ఆపండి. బస్సులో నలభై మంది ఊపిరి పీలుస్తారు, అక్కడ ఎవరూ లెక్క అడగరు."

దిగిపోయింది. మరుసటి రోజు నుంచి ముందు బస్సులో వెళ్ళి ఏడూ యాభైకే క్లినిక్‌లో కూర్చుంటోంది. రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి, గడియారం కింద. ఇన్నాళ్ళూ ఆలస్యమైతే ఇద్దరికీ ఆలస్యమయ్యేది. ఇప్పుడు నా ఒక్కడికే.

నురగ కూడా రాశాను. పల్చగా అంటే ఎంతో మీరు రాయలేదు. అర డబ్బా అయింది. తుడిచేకొద్దీ పాకింది. లాండ్రీ ఆయన బయటి నుంచి చూసి కారులో ఎవరో స్నానం చేస్తున్నారనుకుని మొహం తిప్పుకున్నాడట.

నర్సమ్మ దిగిపోయింది, ఆవిడ ఊపిరీ టీ గొడుగూ అన్నీ దిగిపోయాయి. మంచు మాత్రం అలాగే ఉంది బావగారూ. ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు పక్క అద్దాలకి కూడా. నాలుగింటికే లేచి గీకుతున్నాను. మోకాలు పట్టేసింది.

అక్క అడిగిన కాళ్ళ సంగతి. నేల మీద కాలు పెడితే పచక్ మంటోంది. సాక్సులు పిండితే నీళ్ళు. మెకానిక్ చూసి, ఇంజను నీళ్ళు లోపలికి కారుతున్నాయేమో, ముందు భాగం అంతా విప్పాలి, దాని బదులు అమ్మేస్తే మంచిది అన్నాడు. కారు లేకపోతే ఈ పని లేదు. పని లేకపోతే ఈ ఊళ్ళో నేనెందుకు? కాబట్టి ఆదివారం కారు నేలంతా నేనే విప్పి చూస్తాను. వద్దన్నారు కాబట్టి ముందు రబ్బరు చాపే ఎత్తుతాను.

భవదీయుడు,
మీ సతీమణి తమ్ముడు


జనవరి 30

ఒరే నాయనా,

'బావగారికి' అని మొదలుపెట్టావు చూడు, అక్కడే నా పని అయిపోయింది. ముప్పై నాలుగేళ్ళలో నువ్వు నన్ను మీరు అన్నది రెండుసార్లు. ఒకటి మా పెళ్ళిలో.

ఈ ఉత్తరంలో కథలు లేవు. చాప ఎత్తొద్దన్నాను కదా. దాని కింద బొంత ఉంది. నేనే కుట్టాను.

నువ్వు కారు తీసుకెళ్ళే ముందు వారం మీ అక్క అంది, వాడి మోకాలికి చలి పడదు, ఆ ఊళ్ళో ఎలా ఉంటాడో అని. నేను ఒట్టేసుకున్నవాణ్ణి కదా, విననట్టు ఊరుకున్నాను. మర్నాడు షెడ్డు తలుపు వేసుకుని మొదలుపెట్టాను. రెండు ఉన్ని కంబళ్ళు మడతేసి, పైన రెక్సిన్ వేసి, డ్రైవరు వైపు నుంచి వెనక సీటు దాకా ఒకటే ముక్క. నువ్వు మా ఇంట్లో వదిలేసిన పాత చెప్పులు పెట్టి సుద్దతో గీసుకున్నాను. ఎడమ పాదం కింద ఒక పొర ఎక్కువ వేశాను, నీ నొప్పి అటువైపే కాబట్టి. నీకు చెబితే ఒట్టు తప్పినట్టవుతుంది, నువ్వు భూతద్దం తీస్తావు. అందుకే చాప కింద దాచాను.

ఇప్పుడు అర్థమైందా? నీ బూట్ల తడి, నర్సమ్మ గొడుగు తడి, తలుపు రబ్బరు పాతది కాబట్టి దాని సందులోంచి వచ్చే వాన నీరు, అన్నీ ఆ ఉన్ని తాగింది. పైన రెక్సిన్ ఉంది, ఇంక అది ఆరే దారి లేదు. రోజంతా తాగి, నువ్వు వేడి పెట్టినప్పుడల్లా అంచుల్లోంచి ఆవిరి వదిలింది. నీ అద్దం మీద మంచు నా కంబళిది. నర్సమ్మది కాదు.

ఇంకా చెప్పాలి. గొడుగు గురించి రాసేటప్పుడే నాకు బొంత గుర్తొచ్చింది. గుర్తొచ్చి, అయ్యుండదులే అనుకుని, ఆవిడ ఊపిరి మీదకి నెట్టాను. చాప ఎత్తొద్దని రాసింది అందుకే. అక్కడ నీ పని పోయే పరిస్థితి, ఇక్కడ నాకు నా ఒట్టు ముఖ్యమైంది. వేలి మీద సుత్తి పడటం చాలలేదు.

చెయ్యాల్సినవి: బొంత తీసి పారెయ్. ఆరేదాకా నేల మీద ఏమీ పరచకు, పాత పేపర్లు తప్ప, అవి రోజూ మార్చు. తలుపు రబ్బరు మార్పించు. అన్నిటికంటే ముఖ్యం, నీ మొదటి ఉత్తరం ఇవాళ నా కళ్ళతో నేను చదివితే కనపడింది. లోపలి గాలే తిరిగేలా మీట పెట్టానని గొప్పగా రాశావు. తడిని లోపల పెట్టి తాళం వేసినట్టురా అది! మీట బయటి గాలి వైపు తిప్పు. వేడితో పాటు చల్లగాలి మిషను కూడా వెయ్యి. వింతగా ఉంటుంది, కానీ అది గాలిలో తడి పిండేస్తుంది. కారు ఆపే ముందు రెండు నిమిషాలు అద్దాలన్నీ దించు, లోపలి తడిగాలి పోయి పొడిగాలి వస్తుంది.

దీనితో ఇంకో కాగితం పెట్టాను, నర్సమ్మగారికి. అది చదవకుండా ఇవ్వు. నా ఉత్తరాలు నువ్వు బయటికి చదివితే ఏమవుతుందో చూశాం.

బావ

తమ్ముడూ, మూడు రోజులు షెడ్డులో ఏం చేస్తున్నారని అడిగితే పిల్లికి పక్క కుడుతున్నానన్నారు. మనకి పిల్లి లేదు. అప్పుడే నాకు తెలుసు. చెప్పనివ్వలేదు. — అక్క


జనవరి 31

బావా,

నా ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. కోపంలో మీరు అన్నాను, మనసులో పెట్టుకోకు. అయినా ఆగలేక మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే దొంగ దొరికాడు!

చాప ఎత్తాను. కింద బొంత. నీళ్ళు తాగి దున్నపోతంత బరువుంది. నేనూ లాండ్రీ ఆయనా చెరో అంచు పట్టుకుని లాగితే బయటికొచ్చింది. పిండితే రెండు బక్కెట్లు. ఈ కారు నీ కన్నా ముందు ఎవరిది? ఆ కాంట్రాక్టరుదే కదా? ఆయన ఏ పట్నం షోరూములోనో ప్రత్యేకంగా చేయించుకుని ఉంటాడు.

ఎందుకంటే, బావా, ఆ పనితనం చూడాలి. తప్పుగా అనుకోకు, నీకు తెలియాలనే రాస్తున్నాను. భూతద్దం పెట్టి చూశాను. అంచు పొడుగునా కుట్లు లెక్కపెట్టినట్టు ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి వంకర లేదు. మూలల దగ్గర దారం తిప్పిన తీరు చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఎడమ పాదం కింద కాస్త ఎత్తు కూడా పెట్టాడు, ఆ కాంట్రాక్టరుకి కూడా నాలాగే మోకాలి బాధ ఉండేదేమో. కుట్టు అంటే అదీ. నువ్వు ఒకసారి చూసి ఉంటే బాగుండేది. ఈ వయసులోనైనా నేర్చుకోవచ్చు, నామోషీ పడక్కర్లేదు.

కానీ ఉన్ని కంపు కొడుతోంది. లాండ్రీ ఆయన మంగళవారం ముక్కలు కోసి మిషన్లు తుడవడానికి వాడుకుంటానన్నాడు. సరేనన్నాను.

ఒకటే దిగులు. బొంత తీసినా రెండు రోజులుగా అద్దం మీద మంచు తగ్గింది గానీ పోలేదు. ఇంకా ఏదో ఉంది. నిన్న ఏడూ యాభై తొమ్మిదికి పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళాను. నర్సమ్మ కలం కాగితం మీద ఆనించే ఉంది. తలెత్తకుండా రాసింది. నేను గట్టిగా ఊపిరి పీలుస్తుంటే మాత్రం ఓసారి తలెత్తి చూసింది.

నీ
బావమరిది


ఫిబ్రవరి 4

ఒరే,

కోయనివ్వకు! ఈ ఉత్తరం మంగళవారం దాటాక చేరుతుందని తెలుసు. అయినా రాస్తున్నాను. కత్తెర వెయ్యనివ్వకు!

పారెయ్ అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అప్పటికి నీ ఉత్తరం చదవలేదు.

నీ ఉత్తరం మీ అక్క మూడుసార్లు చదివింది. మొదటిసారి తనకోసం. రెండోసారి నేను అడిగితే. మూడోసారి పక్కింటాయన వస్తే, నేను అడగకుండానే. 'చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది' అన్నచోట ఆయన నా వైపు చూశాడు. నేను సున్నం రాలిన గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు వినయం అలవాటు లేక మెడ పట్టేసింది.

కాంట్రాక్టరు నీ మొహం! ఆయన రెండు మోకాళ్ళూ ఉక్కులాంటివి. నీకే ఎడమ మోకాలు నొప్పి. చెప్పుల కొలత నీది. ఈపాటికి నా ముందు ఉత్తరం చేరి ఉంటుంది, చదివి ఉంటావు, నీ మొహం ఎలా ఉందో చూడాలని ఉంది. నేర్చుకోవడానికి నామోషీ పడక్కర్లేదన్నావు. పడటం లేదు. నేర్పడానికి సిద్ధంగా ఉన్నాను.

అదంతా పక్కన పెట్టు. మీట తిప్పావా? నర్సమ్మగారికి కాగితం ఇచ్చావా? పని ఉందా, పోయిందా? అది రాయి ముందు. మీ అక్క పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర కుర్చీ వేసుకుంటోంది. నేనూ ఒకటి వేసుకున్నాను.

బావ


ఫిబ్రవరి 9

బావా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది దారిలో ఎక్కడ చిక్కుకుందో, మంగళవారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది. మెట్ల మీద నిలబడే చదివాను. 'నేనే కుట్టాను' అన్నచోటికి వచ్చి ఆగాను. కింద లాండ్రీలో కత్తెర చప్పుడు వినపడింది. మోకాలి సంగతి మర్చిపోయి దిగాను. ఆయన అప్పటికే ఒక మూల జానెడు కోశాడు.

"ఆపండి! అది మా బావ కుట్టింది!"

"మొన్న ఎవరో కాంట్రాక్టరుదన్నారు?"

"మొన్న నాకు తెలీదండీ."

"మరి మీ బావగారికి కుట్టు రాదని చెప్పారే?"

కత్తెర ఆయన చేతిలోంచి తీసుకున్నాను. ఆయనే పెద్ద మిషనులో వేసి ఆరబెట్టి ఇచ్చాడు. జానెడు ముక్క ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తిరిగి అతికించి పంపు. నీకు చేతనైతే.

ఇంకో నిజం రాయాలి. మర్నాడు క్లినిక్‌లో డాక్టరుగారి చేత నా కళ్ళు చూపించుకున్నాను. నా కళ్ళజోడు నంబరు ఎప్పుడో మారిపోయిందట, రెండేళ్ళన్నా అయి ఉంటుందన్నారు. రోజుకి ఇరవై మంది నంబర్లు చూసేవాణ్ణి, నాది చూసుకోలేదు. కాబట్టి పోయినేడు నేను చూసిన వంకర నీ కుట్టులోది కాదు. ఇది కూడా పక్కింటాయనకి చదివి వినిపించుకో.

మీట తిప్పాను. తలుపు రబ్బరు మార్పించాను. పేపర్లు పరిచి రోజూ తీస్తున్నాను, తీసే ముందు చదువుతున్నాను, నీ చదువు నాకూ అంటుకునేలా ఉంది. దిగే ముందు అద్దాలు దించి రెండు నిమిషాలు కూర్చుంటున్నాను. గురువారం పొద్దున బయటి మంచు గీకి తలుపు తీశాను. లోపలి అద్దం పొడిగా ఉంది. వేలు పెట్టి చూశాను. పొడిగానే ఉంది.

తిన్నగా నర్సమ్మ క్వార్టర్సుకి వెళ్ళి నీ కాగితం ఇచ్చాను. గుమ్మంలో నిలబడి చదివింది. ఏం రాశావో నాకు తెలీదు. మధ్యలో ఒకసారి పమిటతో నోరు మూసుకుంది. చదివి మడత పెట్టి, "మీ బావగారికి నిజంగా పిల్లి లేదా?" అంది. లేదన్నాను. ఫ్లాస్కు తెచ్చుకుంటానని లోపలికి వెళ్ళింది.

దారి పొడుగునా మాట్లాడింది. బాకీ ఉన్న రోజులన్నిటికీ కలిపి మాట్లాడింది. ఆడపడుచు మొగుడి గురక ఇప్పుడు తగ్గిందట. టీ నాకు కూడా పోసింది. వంతెన దాటేటప్పుడు అద్దంలోంచి అవతలి గట్టు దాకా రోడ్డంతా కనపడింది.

అక్కకి చెప్పు, బొంత ఇప్పుడు నా మంచం పక్కన ఉంది. ఎడమ పాదం దాని ఎత్తు మీద పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

క్లినిక్‌లో నర్సమ్మ గొడుగు మూలన పెట్టి, గోడ గడియారం చూసి, రిజిస్టర్లో ఏడూ యాభై నాలుగు అని రాసింది.

నీ
బావమరిది